మయూరకవి నుండి ‘మయూరి’ వఱకు: అరసవల్లి సౌరసంప్రదాయమున స్వస్థతాభావము

ఉపోద్ఘాతము

ఆరోగ్యము, స్వాస్థ్యము అను రెండు పదములను నిత్యవ్యవహారమున మనము సమానార్థకములుగా వాడుచున్నాము. వ్యుత్పత్తిని బట్టి చూచినచో ఇవి సమానములు కావు. రోగము లేకుండుట ఆరోగ్యము. తనయందు తాను నిలిచియుండుట స్వాస్థ్యము. సుశ్రుతుడు స్వస్థుని లక్షణము చెప్పుచు దోషములు, అగ్ని, ధాతువులు, మలక్రియలు సమముగా నుండుటతో ఆగక, ఆత్మయు ఇంద్రియములును మనస్సును ప్రసన్నముగా నుండుటను గూడ అందు చేర్చెను. మొదటిది పూర్తిగా లేకున్నను రెండవది కలుగునా? మొదటిది కలిగియు రెండవది లేకపోవుట సంభవమా? అరసవల్లి సూర్యక్షేత్రమును ఆశ్రయించియున్న కథలును, ఆంధ్రదేశపు దేవాలయ నృత్యమును, 1985లో వెలువడిన ‘మయూరి’ అను తెలుగు చలనచిత్రమును కలిపి పరిశీలించినచో ఈ ప్రశ్నలకు ఒక సమాధానము లభించునని మేము తలచుచున్నాము.

దేవాలయమునకును చలనచిత్రమునకును ముడిపెట్టుట కొందఱకు వింతగా తోపవచ్చును. ఒకటి మఱియొకదానినుండి పుట్టినదని చెప్పుట మా ఉద్దేశము కాదు. దేహము చెడినపుడు మనుష్యుడు దేనిని కోరును, కోరినది ఏ రూపమున పొందును అను భావము వేర్వేఱు కాలములందు ఎట్లు వ్యక్తమైనదో చూపుటయే ఇచట తలపెట్టిన పని.

క్షేత్రము

అరసవల్లి శ్రీకాకుళ పట్టణమునకు తూర్పున సుమారు రెండు కిలోమీటర్ల దూరమున నున్నది. దీనిని జనులు అరసవిల్లి అనియు, స్థలపురాణము చెప్పువారు హర్షవల్లి అనియు అందురు. ఇచటి సూర్యనారాయణస్వామిని కళింగమునేలిన గాంగరాజు దేవేంద్రవర్మ ప్రతిష్ఠించెనని ప్రసిద్ధి. తూర్పు గాంగులలో ఆ పేరు గలవారు ఒక్కరు కారు. గుణార్ణవుని కుమారుడగు దేవేంద్రవర్మ శాసనములు గాంగశకము 183, 195 సంవత్సరములవి కలవు. ఆ శకారంభమును చరిత్రకారులు పలువురు క్రీ. శ. 498 ప్రాంతమున నిలిపిరి గనుక అవి 7వ శతాబ్ది చివరి భాగమునకు చెందును. అనంతవర్మ కుమారుడును, రాజేంద్రవర్మ కుమారుడును అదే పేరు ధరించి తరువాతి కాలమున ఏలినవారు. కావున ‘దేవేంద్రవర్మ ప్రతిష్ఠ’ అను మాటను వినినంతనే ఒక సంవత్సరమును నిర్ణయించుట పొరపాటగును. నేడు కనబడు కట్టడము చాలవఱకు 18వ శతాబ్దిలో జరిగిన జీర్ణోద్ధరణ ఫలము.

క్షేత్రమునకు మూలమైన కథ ఆరంభముననే గాయముతో కూడియున్నది. దేవేంద్రుడు శ్రీకాకుళమునందలి కోటేశ్వరుని దర్శింప వేళకాని వేళ రాగా నంది అడ్డగించి తన్నెనట. దెబ్బ తిని పడిపోయిన ఇంద్రుడు సూర్యుని ధ్యానించి, ఇచట ఆ దేవుని నిలిపి, తాను త్రవ్విన పుష్కరిణిలో స్నానము చేసి స్వస్థుడయ్యెనని చెప్పుదురు. ఇంద్ర పుష్కరిణి పేరు ఈ కథను నేటికిని నిలుపుచున్నది. ఈ కథలో గమనింపదగినది ఒకటి కలదు. ఇంద్రుడు గాయపడినది యుద్ధమున గాదు, దర్శనమునకు పోవు త్రోవలో. అతడు పోగొట్టుకొన్నది దేహబలము మాత్రమే కాదు, దేవుని సన్నిధికి చేరు అర్హత. అతడు తిరిగి పొందినదియు ఆ రెండును.

ఏటేట మార్చి రెండవ వారమునందును, అక్టోబరు మొదటి దినములందును ఉదయకిరణములు మండపమును దాటి గర్భగృహమున స్వామి పాదములను తాకుట ఈ క్షేత్రప్రసిద్ధి. ఇందు గణితము స్పష్టమే. ఆ రెండు సందర్భములలో సూర్యుని క్రాంతి విషువద్రేఖకు దక్షిణముగా ఇంచుమించు నాలుగు అంశములు ఉండును. దక్షిణాయనమున పోవునపుడు ఒకమారు, ఉత్తరాయణమున మరలునపుడు ఒకమారు సూర్యుడు దిక్చక్రమున ఒకేచోట ఉదయించును. తూర్పునకు ముఖమైన ద్వారముల వరుస ఆ చోటికి సూటిగా నుండుటచేత ఈ దృశ్యము ఏటికి రెండుసార్లు కలుగును. గణితము తెలిసినంత మాత్రమున భక్తుని ఆనందము తగ్గదు. మనకు ఇచట ముఖ్యమైనది వెలుగు మొదట తాకునది పాదములను అను విషయము.

సూర్యుడు, పాదము, కుష్ఠువు

పాదమునకును సౌరసంప్రదాయమునకును గల సంబంధము ప్రాచీనమైనది. సంజ్ఞాదేవి సూర్యతేజమును సహింపజాలనందున విశ్వకర్మ ఆ తేజమును తరిణెపై తగ్గించెననియు, పాదములను మాత్రము తగ్గింపలేకపోయెననియు పురాణకథ. అందుచేత సూర్యప్రతిమకు పాదములు చేయరాదనియు, చేసినవాడు కుష్ఠురోగి యగుననియు మత్స్యపురాణము నిషేధించినది. ఉత్తరదేశపు సూర్యప్రతిమలు మోకాళ్ళ వఱకు పాదరక్షలు ధరించియుండుటకు పౌరాణికులు చెప్పు కారణము ఇదియే. మధ్యాసియా వేషప్రభావమని శిల్పశాస్త్రజ్ఞులు చెప్పుదురు. దక్షిణదేశపు సూర్యుడు సాధారణముగా ఉత్తపాదములతో నిలుచును.

ఏ దేవుని పాదము చూచుట వలన కుష్ఠువు కలుగునని భయపడిరో, ఆ దేవునినే కుష్ఠువు పోగొట్టుమని కోరుట ఈ సంప్రదాయ విశేషము. సాంబుని కథ ఇందుకు ప్రధానోదాహరణము. కృష్ణుని కుమారుడగు సాంబుడు శాపవశమున కుష్ఠుపీడితుడై, చంద్రభాగానదీ తీరమున సూర్యుని ఆరాధించి శుద్ధదేహుడయ్యెనని భవిష్యపురాణ, సాంబపురాణములు చెప్పుచున్నవి. కథ అచట ముగియదు. రోగము పోయిన పిమ్మట సాంబుడు ఆలయము కట్టించి, అర్చన చేయుటకు శాకద్వీపమునుండి మగులను రప్పించెను. రోగి అర్చనకు ఆధారభూతుడగుట ఆ కథకు అసలు ముగింపు.

హర్షుని ఆస్థానకవియగు మయూరుని గూర్చిన ఐతిహ్యమును ఇట్టిదే. 7వ శతాబ్దివాడైన ఈ కవి కుష్ఠువు సోకి ‘సూర్యశతకము’ రచించి ఆరోగ్యము పొందెనందురు. ఐతిహ్యమును చరిత్రగా గ్రహింప నక్కఱలేదు. కాని అందలి భావము విలువైనది. సాంబుడు తపస్సుచేతను, మయూరుడు కావ్యముచేతను సూర్యుని కొలిచిరి. తన చేతనైన విద్యయే రోగికి ఔషధమయ్యెను. కవి మరల కవియగుటయే అతని స్వస్థత. ఈ సూత్రమును నర్తకికి అన్వయించినచో ఏమగును అనునది తరువాతి ప్రశ్న.

పాదముతో చేసిన అర్చన

కళింగాంధ్రమున నృత్యము దేవాలయసేవలో భాగమై యుండెను. శ్రీకూర్మము, సింహాచలముల శాసనములలో ఆలయ నర్తకులకు ఏర్పఱచిన వృత్తుల ప్రసక్తి కలదు. 13వ శతాబ్దిలో కళింగమున అధికారమును నిర్వహించిన మధ్వశిష్యుడు నరహరితీర్థుల శాసనములు శ్రీకూర్మమున నున్నవి. కూచిపూడివారు తమ మూలపురుషుడగు సిద్ధేంద్రయోగికి వీరిని గురువుగా చెప్పుకొందురు. గ్రామములలోనైతే శ్రీకాకుళ విజయనగర ప్రాంతపు తప్పెటగుళ్ళవారు రొమ్మున తప్పెట, కాళ్ళకు గజ్జెలు కట్టి నేటికిని ఆడి పాడుచున్నారు. ఆట ఏదైనను నర్తకుడు మొదట నేలకు నమస్కరించును. పాదముతో తాడనము చేయబోవుచున్నాను, క్షమింపుమని భూదేవిని వేడుట ఆ నమస్కారమునకు అర్థము.

పాదమే లేఖినియైన నృత్యములును ఆంధ్రదేశమున కలవు. నేలపై రంగుపొడి పఱచి, తాళము తప్పకుండ నర్తించుచు, ఆ పొడిలో పాదములతోనే సింహమును చిత్రించుట సింహనందిని. మయూరమును చిత్రించుట మయూరకౌత్వము. పద్మమును చిత్రించుట మహాలక్ష్మీ ఉద్భవము. వీనిని మరల వెలుగులోనికి తెచ్చినవారిలో అహమ్మదాబాదునందలి ‘దర్పణ’ సంస్థలో నాట్యము నేర్పిన సి. ఆర్. ఆచార్యులు ముఖ్యులు. నర్తకి క్రిందికి చూడక ఆడును. ఆట ముగిసిన పిమ్మట పొడిలో ఏర్పడిన నెమలిని చూపుదురు. అది దేవతకు సమర్పణము. పాదము అశుచి యను సామాన్యభావమును ఈ నృత్యము పూర్తిగా తలక్రిందులు చేసినది.

ఈ సంప్రదాయపు ఉజ్జ్వలభాగమును మాత్రమే చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. ఆలయమునకు అర్పింపబడిన స్త్రీల జీవితమున నృత్యముతోపాటు పరాధీనతయు ఉండెను. ముత్తులక్ష్మీరెడ్డి, తెలుగునాట యామినీ పూర్ణతిలకమ్మ మొదలగువారి కృషి ఫలితముగా 1947లో మదరాసు శాసనసభ దేవదాసీ సమర్పణ నిషేధశాసనమును చేసినది. శ్రీకాకుళము అప్పటికి విశాఖపట్టణము జిల్లాలో భాగము. ప్రత్యేక జిల్లా ఏర్పడినది 1950లో. ఈ శాసనము స్త్రీకి స్వాతంత్ర్యమునిచ్చినది. అందుతోపాటు ఆ విద్యకు నిలువనీడ లేకుండ పోయినది. ఆ విద్య తెలిసిన వృద్ధకళాకారిణులు పలువురు తమ గతమును చెప్పుకొనుటకే సంకోచించిరి. నటరాజ రామకృష్ణ (1923–2011) వారిని వెదకి, గౌరవించి, వారినుండి నేర్చి ‘ఆంధ్రనాట్యము’ అను పేర ఆ విద్యను మరల నిలిపిరి. స్వస్థత వ్యక్తికే కాక విద్యకును, ఆ విద్యను మోసిన కులమునకును అవసరమగునని ఈ చరిత్ర తెలుపుచున్నది.

రంగస్థలమునుండి తెఱకు

ఆలయమున తావు కోల్పోయిన నృత్యమునకు ఆశ్రయమిచ్చిన వానిలో చలనచిత్రము ఒకటి. 1939 నాటి ‘రైతుబిడ్డ’లో కూచిపూడివాడగు వేదాంతం రాఘవయ్య దశావతార నృత్యము చేసిరి. వారే తరువాత దర్శకులై 1953లో ‘దేవదాసు’ను తీసిరి. వెంపటి పెదసత్యము, చినసత్యము సోదరవర్గము మదరాసులో చిత్రములకు నృత్యము కూర్చిరి. వారిలో చినసత్యము 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, తెఱ నేర్పిన కట్టుదిట్టమును రంగస్థలమునకు మరలించిరి.

కాని తెఱపై నృత్యమునకు ఒక లోపమున్నది. కెమెరా ముఖమును చూపునపుడు పాదము కనబడదు. పాదమును చూపునపుడు అభినయము కనబడదు. ముక్కలను కూర్చి చూపు కళయందు పాదము ఎవరిదో ముఖము ఎవరిదో ప్రేక్షకుడు ప్రమాణపూర్వకముగా చెప్పజాలడు. ఆలయమున దేవుడు, రంగస్థలమున సభ్యుడు చూచిన అఖండదేహము తెఱపై ఖండఖండములగును. ఈ లోపమును దాటి, పాదమే సత్యమునకు సాక్ష్యముగా నిలిచిన చిత్రము ‘మయూరి’.

‘మయూరి’

సుధాచంద్రన్ బొంబాయిలో పెరిగిన భరతనాట్య కళాకారిణి. 1981లో తిరుచిరాపల్లి సమీపమున జరిగిన బస్సు ప్రమాదమున ఆమె కాలు గాయపడి, గాయము కుళ్ళుటచే కుడికాలిని మోకాలి దిగువ తొలగింపవలసి వచ్చెను. ఆమె జయపురపు కృత్రిమ పాదమును అమర్చుకొని, నడకను, ఆ పిమ్మట నృత్యమును మొదటినుండి అభ్యసించి, 1984లో మరల సభకెక్కిరి. ఈ వృత్తాంతమును ఆధారముగా గొని సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వమున, రామోజీరావు నిర్మాతగా, ఉషాకిరణ్ మూవీస్ వారు ‘మయూరి’ని తీసిరి. కథానాయిక పాత్రను సుధాచంద్రనే ధరించిరి. జాతీయ చలనచిత్ర పురస్కారములలో ఆమెకు ప్రత్యేక పురస్కారము లభించెను. 1986లో హిందీలో ‘నాచే మయూరి’ వెలువడెను.

ఇచట కృత్రిమ పాదమును గూర్చి కొంత చెప్పవలయును. పాశ్చాత్యపద్ధతి కృత్రిమ పాదము బూటులో దాగుటకు ఏర్పడినది. మనదేశపు రైతు బురదలో దిగవలయును. గృహస్థు నేలపై కూర్చుండి భుజింపవలయును. భక్తుడు గుడి వాకిట చెప్పులు విడువవలయును. 1960ల చివర జయపురమున వైద్యులు పి. కె. సేఠీయు, శిల్పి రామచంద్రశర్మయు కలిసి రబ్బరుతోను కొయ్యతోను రూపొందించిన పాదము ఈ అవసరములను తీర్చినది. అది అన్ని వైపులకు కొంత వంగును; చెప్పు లేకుండ నేలపై నిలుచును. సేఠీకి 1981లో రామన్ మెగసెసే పురస్కారము లభించెను. శస్త్రవిద్య తెలిసినవాడును, అక్షరములకంటె ఉలిని బాగుగా ఎఱిగినవాడును కలిసి చేసిన ఈ వస్తువు లేనిచో ‘మయూరి’ లేదు. ఉత్తపాదము లేక మన నృత్యము లేదు, మన దేవాలయ ప్రవేశమును లేదు. కావున ఆ రబ్బరు పాదము దేహమునకు మాత్రమే గాక ఆచారమునకును చికిత్స యయ్యెను.

చిత్రమున సుధాచంద్రన్ తన పేరుతో గాక ‘మయూరి’ అను పాత్రగా నర్తించుటను మేము ముఖ్యముగా భావింతుము. కూచిపూడి కలాపమున పాత్ర ప్రవేశదరువుతో తన్ను తాను తెలుపుకొనును. వేషధారికిని పాత్రకును నడుమ తెఱ యొకటి ఉండును. ఈ కళాకారిణి తన బాధను తానే వేషముగా ధరించినది. కాలు పోయిన దినమును కెమెరా ఎదుట మరల అభినయించుట క్రూరమైన పనియని తోపవచ్చును. కాని బాధ పాత్రదైనపుడు నటి దానికి వెలుపల నిలిచి చూడగల్గును. సుశ్రుతుడు చెప్పిన మనఃప్రసన్నతకు ఇది ఒక త్రోవ. ఇక చివరి నృత్యము సంగతి వేఱు. అందు నేలను తాకు పాదము నటన కాదు. మిగిలిన చిత్రములయందు ప్రేక్షకుడు పాదమును నమ్మడు. ఇందు పాదమునుబట్టియే కథను నమ్మును.

మయూరకవికి దేహము మరల పూర్ణమయ్యెనని ఐతిహ్యము. ‘మయూరి’కి పోయిన కాలు రాలేదు. అయినను కవి శతకముతో పొందినదానిని ఈమె నృత్యముతో పొందినది. ఆమెకు మరల దక్కినది అవయవము కాదు, అర్చన. ఇది ఆరోగ్యము పూర్తిగా లేకున్నను కలిగిన స్వాస్థ్యము.

సింహవాహన

ఇట్టిదే మఱియొక నిదర్శనము సికిందరాబాదునకు చెందిన ఆనందా శంకర్ జయంత్ జీవితమున కలదు. భరతనాట్య కూచిపూడి విద్యలయందు ప్రవీణురాలును, రైల్వే అధికారిణియు, 2007లో పద్మశ్రీ పొందినవారునగు ఈమెకు 2008లో రొమ్ము క్యాన్సరు బయటపడెను. చికిత్స జరుగుచుండగనే ఆమె నృత్యమును విడువలేదు. 2009లో మైసూరున జరిగిన టెడ్ సభలో ఆమె చేసిన ప్రసంగనృత్యము చిత్రరూపమున దేశదేశములకు వ్యాపించినది. అందు ఆమె దుర్గ పదునెనిమిది చేతులను తనకు చికిత్స చేసిన వైద్యులకును, ఔషధములకును సంకేతముగా గ్రహించిరి. దేవి వాహనమైన సింహమును తనలోని బలముగా చెప్పిరి. ఇందు వైద్యమును తోసిపుచ్చిన భక్తి లేదు, భక్తిని తోసిపుచ్చిన వైద్యమును లేదు. పాదములతో సింహమును వ్రాయు సింహనందిని సంప్రదాయము గల దేశమున ఈ వ్యాఖ్యానము పుట్టుట సహజమే.

ఒక ఆక్షేపము

పై చర్చవలన నృత్యము రోగమును పోగొట్టునని ఎవరైనను గ్రహించినచో అది మా మాటకు విరుద్ధము. కుళ్ళిన గాయమునకు శస్త్రచికిత్స, క్యాన్సరునకు తగిన ఔషధము, కుష్ఠువునకు బహుళౌషధ చికిత్స అవసరములు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ చివరి చికిత్సను సిఫారసు చేసిన పిమ్మట కుష్ఠువు నిశ్చయముగా నయమగు వ్యాధుల వరుసలో చేరినది. ఎండయు కిరణములును చేయలేనిపని మాత్రలు చేసినవి.

అయితే ఇచట మా రెండవ ప్రశ్న మిగిలియున్నది. క్రిమి చచ్చినను, చికిత్సకు ముందే నశించిన నాడుల స్పర్శ తిరిగి రాదు. వంగిపోయిన వ్రేళ్ళు చాలమందికి అట్లే నిలుచును. ఆ వ్రేళ్ళను చూచి లోకము ఇంకను రోగియనియే తలచును. 1898 నాటి కుష్ఠురోగుల చట్టము, వ్యాధి నయమగు విధానము వచ్చిన మూడు దశాబ్దములకు పైగా నిలిచి, 2016లో గాని రద్దు కాలేదు. కుష్ఠువు విడాకులకు కారణముగా ఉండుట 2019లో గాని తొలగలేదు. ఇది మయూరి స్థితికి సరిగా విపర్యయము. ఆమెకు దేహము అసంపూర్ణమైనను సభ దొరకెను. వీరికి రోగము పోయినను సభ దొరకలేదు. రథసప్తమినాడు అరసవల్లికి ఎడతెగక వచ్చు జనసమూహములో చర్మవ్యాధుల బారినుండి విముక్తి కోరి వచ్చువారు తరతరములుగా కలరు. వారు కోరునది చర్మశుద్ధి మాత్రమేనా? పదిమందితో కలిసి పుష్కరిణిలో దిగుట, పిడకల పొయ్యిపై వండిన పరమాన్నమును చిక్కుడాకులలో పంచుకొనుట, తాకుటకు ఎవరును వెనుదీయకుండుట కూడ ఆ కోరికలో చేరియున్నవని మా నమ్మకము. ఇంద్రుడును కోరినది సన్నిధినే గదా.

‘మయూరి’ వంటి చిత్రమును చూచి, అంగము కోల్పోయిన ప్రతివారును నర్తింపవలయునని ఎదురుచూచుటయు అన్యాయమే. నర్తించినవారికే గౌరవమన్నచో నర్తింపలేనివారికి అది రెండవ గాయమగును. ఆ చిత్రము బోధించునది నర్తకి సాహసమును మాత్రమే కాదు. ఆమె పాదమునకు తగిన రబ్బరును వెదకిన శిల్పిని, వేదిక నిచ్చిన సభను గూడ అది తలపించుచున్నది.

ఉపసంహారము

సాంబుడు ఆలయము కట్టించెను. మయూరుడు శతకము చెప్పెను. మయూరకౌత్వమాడిన నర్తకి పాదముతో నెమలిని వ్రాసెను. సుధాచంద్రన్ లేని పాదముతో నర్తించెను. ఈ నలుగురికిని స్వస్థత అనగా తమ అర్చనకు తాము తిరిగి చేరుట. చేర్చుకొనువారు లేనిచో అది సిద్ధింపదు. శ్రీకూర్మ సింహాచల శాసనములందలి నర్తకుల వృత్తాంతమును, అరసవల్లికి మ్రొక్కుబడితో వచ్చువారి నోటిమాటలను, తెలుగు చలనచిత్రములందలి నృత్యఘట్టములను మన పరిశోధక విద్యార్థులు ఇంతవఱకు వేర్వేఱుగా పరిశీలించుచున్నారు. స్వాస్థ్యము అను ఒక పదమును చేతబట్టుకొని ఈ మూడింటిని కలిపి చదివినచో సాహిత్యమునకును చరిత్రకును మేలగును. ఆ చదువులో మ్రొక్కుబడిదారుల మాటకు శాసనముతో సమానమైన స్థానమీయవలయునని మా మనవి. వారిలో పలువురికి ఆరోగ్యము వచ్చి చాలకాలమైనది. స్వాస్థ్యము మన చేతిలో నున్నది.